చేపలున్న చిన్న కొలనులో నీరు పదే పదే పచ్చబడుతోంది, ఫౌంటెన్‌లోనూ నాచు పడుతోంది

కలువరేకు:

అందరికీ నమస్కారం. మా తోటలో ఏడాది క్రితం ఒక చిన్న కొలను కట్టించుకున్నాము. దాని పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, లోతు అర మీటరు. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. దానికి కొద్ది దూరంలో రాతి ఫౌంటెన్ ఒకటి విడిగా ఉంది. దాని తొట్టిలో చేపలూ లేవు, మొక్కలూ లేవు, అడుగునున్న చిన్న మోటారు అదే నీటిని మళ్ళీ మళ్ళీ పైకి తోస్తూ ఉంటుంది. రెండింటికీ ఉదయం నుంచి సాయంత్రం వరకు సూటిగా ఎండ తగులుతుంది.

కొలనులోని నీరు పచ్చరంగు కలిపినట్టు ఉంటుంది. చేయి మణికట్టు దాకా ముంచితే వేళ్ళు కనిపించవు. ఇప్పటికి మూడుసార్లు నీరంతా తోడేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, కొత్త నీరు నింపాను. మూడుసార్లూ వారం రోజులు తేటగా ఉండి, పది పన్నెండు రోజులకల్లా మళ్ళీ పచ్చబడింది. రెండోసారి ఇంకా శుభ్రంగా ఉండాలని బ్లీచింగ్ పౌడరుతో గోడలు తోమాను. ఆ తరువాత బాగానే కడిగాననుకున్నాను గానీ, తిరిగి వదిలిన మూడు రోజుల్లో ఎనిమిది చేపల్లో రెండు చనిపోయాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందుకే ఈసారి నీటిలో చేయి పెట్టే ముందే అనుభవం ఉన్నవారిని అడగాలనుకున్నాను.

ఫౌంటెన్‌ సంగతి వేరు. అక్కడ నీరు తేటగానే ఉంటుంది. కానీ రాయి మీద జారుడు పాచి పడుతోంది, అంచుల వెంట వెంట్రుకల్లాంటి పచ్చని పోగులు పెరిగి మోటారు జాలీకి చుట్టుకుంటున్నాయి, వారం తిరిగేసరికి ధార సన్నబడిపోతోంది.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) వేస్తే ఒక్క రోజులో పోతుందని ఒకరు, నీరు మారుస్తూ ఉండటం తప్ప మరో దారి లేదని మరొకరు చెబుతున్నారు. చేపలకు హాని లేకుండా ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరా? కొలనులో కుండీలో పెట్టిన ఒక కలువ తప్ప వేరే మొక్కలు లేవు. చిన్న స్పాంజి ఫిల్టరు ఉంది, దాన్ని వారానికోసారి కుళాయి కింద పిండి కడుగుతాను.

నీలాటిరేవు:

కలువరేకు గారూ, మీరు చివర మామూలుగా చెప్పిన ఆ స్పాంజి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ కొలను పచ్చబడటానికి కారణంలో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం. మిగతా సగం మీరు మూడుసార్లు నీరంతా తోడేయడంలో ఉంది.

చేపలు మొప్పల ద్వారానూ, విసర్జనలోనూ అమ్మోనియాను వదులుతాయి. మిగిలిపోయిన మేత, రాలిన ఆకులు కుళ్ళినా అదే పుడుతుంది. ఈ అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైటుగానూ, మరో రకం ఆ నైట్రైటును నైట్రేటుగానూ మారుస్తాయి. ఇవి నీటిలో తేలుతూ ఉండేవి కావు; రాళ్ళనూ, గోడలనూ, అన్నిటికన్నా ఎక్కువగా స్పాంజిలోని సందులనూ అంటిపెట్టుకుని బతుకుతాయి. కొత్త కొలనులో ఇవి తగినంతగా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే స్పాంజిని దాని కింద పిండిన ప్రతిసారీ వీటిలో చాలా భాగం చనిపోతుంది, గోడలు బ్లీచింగుతో తోమితే మిగిలినవీ పోతాయి. అంటే మీ కొలను వయసు ఏడాది అయినా, దానిలోని జీవవ్యవస్థ వయసు ఎప్పుడూ పది పన్నెండు రోజులు దాటడం లేదు. బాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి వారాలు కావాలి, నాచుకు రోజులు చాలు. అందుకే ప్రతిసారీ నాచే ముందుంటోంది. చనిపోయిన రెండు చేపల విషయంలోనూ గోడల్లో మిగిలిన క్లోరినో, పేరుకున్న అమ్మోనియానో కారణమై ఉండవచ్చు. పచ్చని నీటిలో పగటిపూట నాచు బొగ్గుపులుసు వాయువును వాడేసుకోవడం వల్ల సాయంత్రానికి నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలత) 9 దాకా ఎక్కగలదు. 25 డిగ్రీల వేడి దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన రూపం 1 శాతం కూడా ఉండదు, పీహెచ్ 9 అయితే అది మూడో వంతు దాటుతుంది.

కాబట్టి మొదట చేయవలసింది ఇక కొలనును ఖాళీ చేయకపోవడం. నీరు పచ్చగా ఉన్నా సరే, ఉండనివ్వండి. మీ కొలనులో సుమారు 1500 లీటర్లు పడుతుంది. వారానికి 150 లీటర్లు తీసి, అంతే కొత్త నీరు పోస్తే చాలు. ఆ కొత్త నీటికి క్లోరిన్ తీసేసే మందు ముందుగా కలపండి. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలిపే చోట్ల నీటిని ఒక రోజు నిలవ ఉంచినంత మాత్రాన అది పోదు. స్పాంజిని కొలను నీరే ఒక బకెట్‌లోకి తీసుకుని, అందులో రెండు మూడు సార్లు మెల్లగా పిండి తిరిగి పెట్టండి. ఆ స్పాంజి గోధుమ రంగులో ఉండటమే మంచిది, తెల్లగా రావాలని చూడవద్దు. గోడల మీద ఉండే పలుచని పచ్చ పొరను కూడా రుద్దవద్దు, అది నీటిలోని ఎరువును తానూ తింటుంది, బాక్టీరియాకు చోటూ ఇస్తుంది.

తరువాత నాచుకు అందే తిండి గురించి. నాచుకు నత్రజని, భాస్వరం రెండూ కావాలి, అయితే మంచినీటిలో చాలా సందర్భాలలో పట్టు భాస్వరం చేతిలో ఉంటుంది. కెనడాలోని అంటారియోలో 226వ నంబరు సరస్సును 1973లో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం సన్నని నడుము దగ్గర ప్లాస్టిక్ తెర దించి రెండుగా విడదీసింది. ఒక వైపు కర్బనం, నత్రజని మాత్రమే కలిపారు, రెండో వైపు వాటితో పాటు భాస్వరం కూడా కలిపారు. భాస్వరం పడిన వైపు మాత్రమే పచ్చబడింది. ఇంట్లోని కొలనుకూ ఈ లెక్క వర్తిస్తుంది. 1 గ్రాము భాస్వరం ఎండిన లెక్కన 100 గ్రాములకు పైగా నాచును పెంచగలదు. అది మీ కొలనులోకి ఎక్కువగా వచ్చేది చేపల మేత నుంచే. రెండు మూడు నిమిషాలలో చేపలు పూర్తిగా తినేసేంత మాత్రమే వేయండి. గోల్డ్‌ఫిష్‌లు ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే పైకి వస్తాయి, దానిని చూసి మేత పెంచకూడదు. తోటలో మొక్కలకు వేసిన ఎరువు వాననీటితో కొట్టుకుని కొలనులోకి దిగుతోందేమో కూడా చూడండి. కొలను గట్టు నేల మట్టం కన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంటే ఆ బెడద తప్పుతుంది.

వెలుతురు మూడోది. ఒక్క కలువ అంత ఎండను ఆపలేదు. నీటి ఉపరితలంలో సగానికి పైగా ఆకుల నీడ పడాలి. కలువ ఆకులు అంతగా విచ్చుకునే వరకు ఎండ తీవ్రంగా ఉండే వేళల్లో పైన షేడ్‌నెట్ కట్టండి, లేదా అంతరతామర వంటి తేలే మొక్కలు వేయండి. వాటి వేళ్ళు నీటిలోని నైట్రేటును నేరుగా పీల్చుకుంటాయి కాబట్టి నీడకు నీడ, పోటీకి పోటీ. గుర్రపుడెక్క ఇంకా వేగంగా పనిచేస్తుంది గానీ చాలా దేశాలలో దాని పెంపకంపై నిషేధం ఉంది, ఒక్క మొక్క కాలువలో పడినా ఆ ప్రాంతానికి చెప్పలేనంత నష్టం కలిగిస్తుంది. ఎక్కువైన తేలే మొక్కలను ఎండబెట్టి కంపోస్టులో వేయాలి తప్ప బయటి నీటిలో ఎప్పుడూ పారవేయకండి.

ఇంతకీ ఆ పచ్చదనం ఏ రకం నాచుదో మీరు ఒకసారి తేల్చుకోవాలి. గాజు సీసాలో ముప్పావు వంతు నీరు పట్టి, కదపకుండా ఒక రాత్రి ఉంచండి. ఉదయానికి పచ్చదనం పైకి తేలి వలయంలా చేరితే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు. పేరుకు నాచే గానీ అది నిజానికి బాక్టీరియా, దానిలో కొన్ని రకాలు విషాన్ని తయారుచేస్తాయి. అలా ఉంటే పెంపుడు జంతువులను ఆ నీరు తాగనివ్వకండి, మీరూ చేతులు పెట్టకండి. పచ్చదనం అంతటా సమంగా నిలిచి ఉన్నా, అడుగుకు దిగినా మామూలు ఏకకణ నాచు అనుకోవచ్చు.

గులకరాయి:

పైన నీలాటిరేవు గారు కొలను గురించి చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఆ సలహాను ఫౌంటెన్‌కు కూడా వర్తింపజేయకండి. చేపలూ మొక్కలూ లేని తొట్టిలో కాపాడవలసిన బాక్టీరియా ఏదీ లేదు. అక్కడ ఖాళీ చేసి తోమడమే సరైన పని.

మోటారు ప్లగ్గు తీసేసిన తరువాతే నీటిలో చేయి పెట్టండి. నీరంతా తీసి, రాతిని గట్టి నైలాన్ బ్రష్షుతో రుద్దండి. తీగ బ్రష్షు వాడితే రాయి మీద గీతలు పడి, తరువాత నాచు ఆ గీతల్లోనే ముందుగా వేళ్ళూనుకుంటుంది. ధార పడే చోట తెల్లని గరుకు పొర కనిపిస్తే అది సున్నపు పేరుకుడు. నాచు దాని మీద చక్కగా పట్టుకుంటుంది కాబట్టి దానిని కూడా వదిలించాలి. వెనిగర్ అందుకు పనికివస్తుంది, కానీ పాలరాయి, సున్నపురాయి అయితే వెనిగర్ రాయినే తినేస్తుంది, అక్కడ వాడకూడదు. బ్లీచింగ్, వెనిగర్ ఒకదాని తరువాత ఒకటి వాడే ఆలోచన కూడా పెట్టుకోవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదకరం. నేనైతే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడును రాతి మీద పోసి, పది నిమిషాలు బుడగలు రానిచ్చి, తరువాత రుద్దుతాను. అది చివరికి నీరు, ఆక్సిజన్‌గా విడిపోతుంది, వెనుక ఏమీ మిగలదు.

మోటారును కూడా విప్పి చూడండి. ముందు మూత తీస్తే లోపల చిన్న చక్రం ఉంటుంది, పోగులు దాని ఇరుసుకు దారంలా చుట్టుకుని ఉంటాయి. జాలీ మాత్రమే కడిగితే ధార మళ్ళీ సన్నబడటానికి కారణం అదే.

ఫౌంటెన్ విషయంలో చాలామంది గమనించనిది ఇంకొకటి ఉంది. నీరు ఆవిరైనప్పుడు అందులోని లవణాలూ భాస్వరమూ ఆవిరి కావు, తొట్టిలోనే మిగులుతాయి. తగ్గిన మేరకు పైన పోస్తూ పోతే రెండు నెలల్లో ఆ నీరు చిక్కని ఎరువు ద్రావణం అవుతుంది. అందుకే రెండు వారాలకోసారి మొత్తం మార్చడం తప్పనిసరి. ఫౌంటెన్‌ను కదిలించగలిగితే మధ్యాహ్నం నీడ పడే చోటికి జరపండి. పక్షులు ఆ నీరు తాగుతాయి కాబట్టి అందులో ఏ మందూ నిలవ ఉంచవద్దని నా మనవి. కడిగిన నీటిని కొలను వైపు పారనివ్వకండి.

కలువరేకు:

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. స్పాంజిని కుళాయి కింద కడగడం తప్పని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. సీసా పరీక్ష చేశాను: ఉదయానికి పైన వలయం ఏదీ లేదు, పచ్చదనం చాలా వరకు సమంగానే ఉంది, అడుగున మాత్రం సన్నని పచ్చని పొడి పేరుకుంది. ఫౌంటెన్ మోటారు చక్రానికి గులకరాయి గారు చెప్పినట్టే వేలెడంత ఉండ చుట్టుకుని ఉంది. కొలనుకు యూవీ దీపం పెడితే త్వరగా తేటపడుతుందని విన్నాను. పెట్టవచ్చా? మైలుతుత్తం గురించి కూడా స్పష్టంగా చెప్పండి. నీటికి నీలి రంగు కలిపే మార్గం కూడా ఉందంటున్నారు.

నీలాటిరేవు:

సీసాలో మీరు చూసినది ఏకకణ నాచే. దీనికి యూవీ దీపం నిజంగా పనిచేస్తుంది. 254 నానోమీటర్ల ప్రాంతపు అతినీలలోహిత కాంతి, మోటారు నెట్టే నీరు దీపం పక్కగా పోతున్నప్పుడు, నాచు కణాలను దెబ్బతీస్తుంది; అవి ఉండలు కట్టి ఫిల్టరులో చిక్కుతాయి. మీ కొలనుకు గంటకు 750 నుంచి 1500 లీటర్ల వరకు తిప్పే మోటారు సరిపోతుంది. మొదటి వారం రోజులు స్పాంజి త్వరత్వరగా పూడుకుపోతుంది కాబట్టి రెండు రోజులకోసారి, కొలను నీటిలోనే, పిండవలసి రావచ్చు. దీపం ఏడాది పాటు నిరంతరం వెలిగాక చూడటానికి వెలుగుతూనే ఉన్నా దాని శక్తి బాగా తగ్గిపోతుంది, మార్చాలి. వెలుగుతున్న దీపాన్ని నేరుగా కంటితో చూడకూడదు. ఇంతవరకు దాని మంచి. అయితే అది నీటిలోని భాస్వరాన్ని తీసివేయదు, రాళ్ళకు అంటుకుని పెరిగే పోగు నాచును తాకనే తాకదు. కాబట్టి నీడ, మేత, స్పాంజి విషయాలు సరిచేయకుండా దీపం ఒక్కటే పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

మైలుతుత్తం మాత్రం మీ కొలనులో వద్దు. అది నాచును చంపుతుందన్నది నిజమే. 1904లోనే అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనే శాస్త్రవేత్తలు తాగునీటి జలాశయాలలో నాచు నివారణకు దానిని సూచించారు. కానీ అందులోని రాగి చేపలకూ, నీటి నత్తలకూ విషం. నీటి క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) లీటరుకు 50 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉన్నచోట చాలా కొద్ది మోతాదు కూడా చేపలను చంపగలదు. దానికి తోడు రాగి విరిగిపోయే పదార్థం కాదు, అడుగునున్న ఒండులో పేరుకుంటుంది. 1500 లీటర్ల నీటిలో తూకం కాస్త తప్పినా సరిదిద్దుకునే వీలుండదు.

నీలి రంగు కాంతిని ఆపుతుంది. అర మీటరు లోతులో దాని ప్రభావం తక్కువ, కలువ ఆకులకు నీటి అడుగున కావలసిన వెలుతురు కూడా తగ్గుతుంది.

తొలిచినుకు:

మందుల విషయంలో నా అనుభవం చెప్పడం నా బాధ్యత అనిపిస్తోంది. కొన్నేళ్ళ క్రితం వేసవిలో, మీ కొలనుకు రెట్టింపు ఉన్న మా కొలనులో, చేపలకు హాని చేయదని రాసి ఉన్న నాచు మందును సాయంత్రం ఒకేసారి పూర్తి మోతాదు వేశాను. మందు చేపలను ఏమీ చేయలేదు. మరుసటి తెల్లవారుజామున వెళ్ళి చూస్తే నీరు పాలిపోయి, కాస్త దుర్వాసన వస్తూ ఉంది, చేపలన్నీ నీటి అంచుకు చేరి నోళ్ళు పైకి పెట్టి గాలి కోసం తపిస్తున్నాయి. ఉదయం ఎనిమిదింటికి వాటిలో పెద్దవి నాలుగు చనిపోయాయి.

జరిగింది ఏమిటంటే, ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్ళుతూ నీటిలోని ఆక్సిజన్‌ను తినేసింది. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల నీటిలో 7.5 మాత్రమే. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రిపూట దానిని పీల్చుకుంటుంది కనుక తెల్లవారుజామున అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మందు అవసరమే పడితే కొలనులో మూడో వంతుకు సరిపడా ఉదయం పూట వేసి, గాలి బుడగల యంత్రం రాత్రంతా నడిపి, పది పన్నెండు రోజులు ఆగి తరువాతి భాగానికి వేయాలి. మందు వేయకపోయినా, పచ్చని నీరున్నన్నాళ్ళు గాలి యంత్రాన్ని రాత్రిళ్ళు నడపమని కలువరేకు గారికి గట్టిగా చెబుతున్నాను.

బార్లీ గడ్డి గురించి ఎవరైనా చెబితే ఒక్క మాట గుర్తుంచుకోండి. అది ఉన్న నాచును చంపదు, కొత్తగా పుట్టేదాన్ని కొంత అడ్డుకుంటుంది. అందుకు గడ్డి ఆక్సిజన్ ఉన్న నీటిలో కుళ్ళాలి, చల్లని నీటిలో దానికి వారాల తరబడి పడుతుంది, ఫలితం అన్ని కొలనులలో ఒకేలా రాలేదు. మా కొలనులో నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కలువరేకు:

ఆరు వారాల తరువాత రాస్తున్నాను. కొలనును ఖాళీ చేయలేదు. వారానికి పదో వంతు నీరు మార్చాను, మేత సగానికి తగ్గించాను, షేడ్‌నెట్ కట్టాను, మరో రెండు కలువలు పెట్టాను, గాలి యంత్రం రాత్రిళ్ళు నడుస్తోంది. యూవీ దీపం ఇంకా కొనలేదు. మూడో వారం దాకా ఏ మార్పూ లేదు, మళ్ళీ తోడేద్దామా అని మనసు ఎంతో లాగింది. నాలుగో వారంలో కలువ కుండీ అంచు కనిపించింది, ఇప్పుడు కుండీలోని గులకరాళ్ళు కూడా ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. ఆరు చేపలూ క్షేమం. ఫౌంటెన్ ధార తగ్గలేదు. అయితే తేటపడిన కొలనులో ఇప్పుడు రాళ్ళ మీద, కలువ కాడల చుట్టూ వెంట్రుకల నాచు కొత్తగా మొదలైంది. నేను ఏదైనా తప్పు చేశానా?

నీలాటిరేవు:

మీ తప్పేమీ లేదు. నీరు తేటపడితే వెలుతురు అడుగు దాకా చేరుతుంది, ఏకకణ నాచు వదిలిన తిండిని పోగు నాచు అందుకుంటుంది. కొద్దిగా గరుకుగా ఉన్న కర్రను దానిలో పెట్టి దారం చుట్టినట్టు తిప్పండి, పోగులు కర్రకు చుట్టుకుని వస్తాయి. కలువ కాడల దగ్గర మాత్రం చేతితో విడదీయండి, లేకపోతే లేత ఆకులు తెగుతాయి. తీసిన నాచును గట్టు మీద వదలకండి. వానకు అందులోని భాస్వరం తిరిగి నీటిలోకే దిగుతుంది. కొలనుకు దూరంగా కంపోస్టులో వేయండి. వారానికోసారి ఇలా తీస్తూ, కొత్తగా పెట్టిన రెండు కలువల ఆకులు పరుచుకునే దాకా షేడ్‌నెట్ తీయకుండా ఉంచండి.